ముల్లు గుచ్చుకున్నంత కష్టం, గుక్కెడు నీళ్ళంత సుఖం

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతీ శుభాలూ వర్షించుగాక.

ప్రియ ధార్మిక సోదరులారా! గత జుమా నాడు మనం ఇదే మస్జిదులో భుజం భుజం కలిపి నిలబడ్డాము. ఆ తరువాత ఏడు రోజులు గడిచాయి. ఈ ఏడు రోజులలో మనలో చాలామందికి చెప్పుకోదగినదేదీ జరగలేదు. ఎవరైనా విశేషాలేమిటని అడిగితే "ఏమున్నాయి, అంతా మామూలే" అంటాము. ఆ మామూలు వారాన్ని గురించే ఈ రోజు కొంత ఆలోచిద్దాం. ఘోర పాపాలకు దూరంగా ఉన్నవారికి ఒక జుమా నుండి మరొక జుమా వరకు మధ్యలో దొర్లిన చిన్న తప్పిదాలు క్షమించబడతాయని దైవప్రవక్త (స) శుభవార్త తెలియజేసినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. అంటే మన చిన్న విషయాలకు అల్లాహ్ వద్ద వారం వారం లెక్క నడుస్తూనే ఉన్నది. మామూలేనని మనం పక్కన పెట్టినవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి.

ఇది మిరప కోతల కాలం. మన ముప్పాళ్ళ చుట్టుపక్కల ఏ కల్లం చూసినా ఎర్రగా పరచిన కాయలే. మధ్యాహ్నం మూడు గంటలకు పడమట ఒక మబ్బు తునక కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ టార్పాలిన్ పట్టాలు పట్టుకొని పరుగెత్తుతారు. ఆదరాబాదరాగా కాయలు కుప్పవేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతారు. అరగంట గడిచేసరికి మబ్బు విడిపోయి మళ్ళీ ఎండ కాస్తుంది. ఒక్క చినుకు పడదు. నడుము నొప్పి తప్ప వేరే నష్టమేమీ లేదు. కాని ఆ అరగంటలో మన నోటి నుండి ఎన్ని మాటలు వచ్చాయి? పట్టా కొస సరిగా పట్టుకోలేదని కొడుకును ఏమన్నాము? పిలిచిన వెంటనే రాలేదని ఇల్లాలిని ఏమన్నాము? వాన పడలేదు గాని, ఆ మాటలు మాత్రం పడ్డాయి.

మిరప కోతలకు వెళ్ళే తల్లుల సంగతి వేరు. ఏళ్ళ తరబడి చేసిన పనికి వేలి చివరి గీతలు అరిగిపోతాయి. రేషను బియ్యం కోసం యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. కొంగుతో తుడుచుకొని మళ్ళీ పెట్టాలి. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే మరొక చెయ్యి. వెనుక వరుసలో నిలబడినవారు గొణగడం ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది. కుర్రవాళ్ళను అడగండి, పరీక్షల చదువుకు కూర్చున్న రాత్రే కరెంటు పోతుందంటారు. సత్తెనపల్లి వైపో నరసరావుపేట వైపో పని మీద బయలుదేరినవారిని అడగండి, తాము రోడ్డెక్కే సమయానికే బస్సు మలుపు తిరిగి వెళ్ళిపోయిందంటారు.

ఇటువంటి విషయాలకు ఖుత్బా ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మరణం, సమాధి, ప్రళయదినం వంటి గంభీరమైన విషయాలుండగా కరెంటు సంగతి, బస్సు సంగతి మింబరు మీద చెప్పుకోవాలా? అయితే బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉల్లేఖితమైన ప్రసిద్ధ హదీసును గుర్తు చేసుకోండి. ముస్లింకు కలిగే అలసట, వ్యాధి, చింత, దుఃఖం, బాధ, వేదన, చివరకు కాలికి గుచ్చుకునే ముల్లు సైతం అతని పాపాలలో కొన్నింటిని తుడిచివేస్తుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. వ్యాధి, దుఃఖం అని చెప్పి అక్కడితో ఆపివేయవచ్చు. ఆయన ముల్లు దాకా దిగి వచ్చారు. పత్తి చేలో, కంపచెట్ల గట్ల మీద నడిచే మనకు ముల్లంటే ఏమిటో ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. తీసి పారవేసి నడిచిపోతాము, సాయంత్రానికి జ్ఞాపకం కూడా ఉండదు. మనం మరచిపోయిన దానిని అల్లాహ్ మరచిపోలేదన్నది ఈ హదీసులోని శుభవార్త.

సహనం, అనగా సబర్, అనగానే మన ఆలోచన పెద్ద ఆపదల మీదికి పోతుంది. అది సహజమే. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరప తోటలను పీల్చివేసింది. పూతలోనే పైరు మాడిపోయి, పెట్టిన పెట్టుబడి మట్టిలో కలిసి, ఎందరో రైతులు నిలువునా ఉన్న మొక్కలను పీకివేశారు. అటువంటి ఏడాదిలో మనిషికి సబర్ చేయమని చెప్పేవారు చుట్టూ ఉంటారు. బంధువులు వస్తారు, ఇరుగుపొరుగు వస్తారు, అందరి చేనూ ఒకే తీరుగా ఉన్నప్పుడు ఒకరి ముఖం చూసి మరొకరు ధైర్యం తెచ్చుకుంటారు. ఇంట్లో ఎవరైనా పరమపదిస్తే జనాజాకు ఊరు కదలి వస్తుంది, మూడు రోజులు పొయ్యి వెలిగించే పని లేకుండా పక్కింటివారు అన్నం పంపుతారు. పెద్ద దుఃఖంలో సబర్‌కు సంఘం ఊతమిస్తుంది. బస్సు తప్పిపోయినవానిని పరామర్శించడానికి ఎవరు వస్తారు? కూరలో ఉప్పు ఎక్కువైన రోజున ఓదార్చడానికి ఎవరు వస్తారు? అక్కడ మనిషి ఒంటరి. అతనికీ అల్లాహ్‌కూ మధ్య మరెవ్వరూ లేరు.

ఇంకొక సంగతి చూడండి. ఒక స్త్రీ సమాధి వద్ద కూర్చుని విలపిస్తుండగా దైవప్రవక్త (స) అటుగా వెళ్తూ, అల్లాహ్‌కు భయపడుతూ సహనం వహించమని ఆమెకు హితవు చెప్పారు. ఆమె వారిని గుర్తించక, నా బాధ నీకేమి తెలుసునన్న ధోరణిలో జవాబిచ్చింది. వారెవరో తరువాత తెలిసి, పరుగున వెళ్ళి విన్నవించుకున్నది. అప్పుడు వారు, సహనమనేది మొదటి దెబ్బ తగిలిన క్షణంలో వహించేదేనని తెలియజేశారు. ఈ హదీసును మనం మరణ సందర్భాలలోనే వింటూ వచ్చాము. దీనిని మామూలు వారానికి అన్వయించి చూడండి. పెద్ద దుఃఖానికి మొదటి దెబ్బ తరువాత రెండవ రోజుంటుంది, నలభయ్యవ రోజుంటుంది. తొలి గంటలో తూలినవాడు తరువాత తమాయించుకోవచ్చు. చిన్న చికాకుకు మొదటి క్షణం తప్ప మరొకటి లేదు. గ్లాసు చేతి నుండి జారి పగిలింది, బిడ్డ పుస్తకం మీద టీ ఒలికింది, వేలిముద్ర పడలేదు. ఆ క్షణంలో నోటి నుండి వచ్చినదే మన సబర్. పది నిమిషాల తరువాత ఎవరైనా శాంతంగానే ఉంటారు. కనుక సబర్‌కు అసలైన పాఠశాల ఈ చిన్న చికాకులే.

చిన్న చికాకుకు మరొక దుర్గుణం ఉంది. కాలువ నీటిలాగా అది పల్లానికే పారుతుంది. గుంటూరు మిర్చి యార్డులో తాలుకాయ ఎక్కువ ఉందని, తేమ ఉందని టిక్కీకి ధర తగ్గించారనుకోండి. అక్కడ కొనేవాని ముందు గొంతు పెగలదు. మళ్ళీ సంవత్సరం అతనితోనే పని. ఆ కోపం లారీ ఎక్కి ఊరికి వస్తుంది. డ్రైవరు మీద కొంత, కూలీ మీద కొంత ఖర్చవుతుంది. మిగిలినదంతా ఇంటికి చేరుతుంది. భార్య కంచం ముందు పెట్టినప్పుడు చల్లారిన అన్నం కారణమవుతుంది, పిల్లవాడు పలక అడిగినప్పుడు పలక కారణమవుతుంది. పైవారి ముందు మనం ఎంతో సహనశీలురం. క్రిందివారి ముందు ఆ సహనం ఎక్కడికి పోతుంది?

హజ్రత్ అనస్ (రజి) చిన్ననాటి నుండి పదేళ్ళు దైవప్రవక్త (స) ఇంట సేవ చేశారు. ఆ పదేళ్ళలో వారు తనను విసుగుతో "ఉఫ్" అని కూడా అనలేదని, ఇది ఎందుకు చేశావనిగాని, అది ఎందుకు చేయలేదనిగాని అడగలేదని ఆయనే స్వయంగా చెప్పారు. పదేళ్ళంటే అయిదు వందల జుమాలకు పైమాట. పసివాడు పని చేసే ఇంట్లో ఎన్ని కుండలు పగిలి ఉంటాయి, ఎన్ని పనులు మరచిపోబడి ఉంటాయి! అన్నం విషయంలోనూ అంతే. ఆయన ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే వదలివేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసు మన ఇళ్ళలోని ఆడవారికి తెలిసినంతగా మగవారికి తెలియదేమోనని మాకు అనుమానం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సబర్ అనే మాటను కొందరు ఎదుటివారికి ఇచ్చే మందుగా వాడుకుంటారు. తాము కసిరి, తిట్టి, కొట్టి, ఇల్లాలికి మాత్రం సబర్ చేయమని బోధిస్తారు. కూలి డబ్బులు ఆపి, కూలీకి సబర్ చేయమంటారు. ఇది సబర్ కాదు, జుల్మ్. సబర్ మనం మనకు చెప్పుకోవలసిన మాట. తూకంలో మోసం జరిగితే నిలదీసి అడగడం సబర్‌కు వ్యతిరేకం కాదు. వేలిముద్ర పడని ముసలి తల్లి పక్షాన చదువుకున్న కుర్రవాడు అధికారుల వద్దకు వెళ్ళి మార్గం అడగడం కూడా సబర్‌కు వ్యతిరేకం కాదు, అది పుణ్యకార్యం. అడగవలసిన చోట మర్యాదగా అడగండి. ఆ విసుగును ఇంటికి మోసుకురాకండి.

సోదరులారా! ఇంతవరకు కష్టం సంగతి. వారంలో సుఖాలు కూడా వచ్చిపోయాయి, వాటి సంగతి చూద్దాం. విశ్వాసి వ్యవహారం విచిత్రమైనదని, సుఖం కలిగితే కృతజ్ఞత చూపుతాడని, కష్టం కలిగితే సహనం వహిస్తాడని, రెండూ అతనికి మేలే చేస్తాయని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసు హజ్రత్ సుహైబ్ (రజి) ద్వారా మనకు అందింది. కష్టాన్ని మనం వెంటనే గుర్తుపడతాము. సుఖాన్ని గుర్తుపట్టడమే కష్టం.

ఒక రోజు దైవప్రవక్త (స) బయటికి వచ్చే వేళ కాని వేళలో ఇంటి నుండి బయటికి వచ్చారు. దారిలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కనిపించారు. ఈ వేళప్పుడు ఎందుకు వచ్చారని అడిగితే, ఆకలి అని ఇద్దరూ చెప్పారు. తననూ అదే బయటికి తెచ్చిందని వారు అన్నారు. ముగ్గురూ కలిసి ఒక అన్సారీ సహచరుని ఇంటికి వెళ్ళారు. తిర్మిజీ ఉల్లేఖనంలో ఆయన పేరు అబుల్ హైసమ్ అని ఉంది. ఆయన ఇంట లేరు, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు. ఇల్లాలు ఆదరంగా ఆహ్వానించింది. అంతలో ఆయన వచ్చి, ఈ రోజు నా ఇంటికి వచ్చినంత గొప్ప అతిథులు మరెవరికీ లేరని పొంగిపోయి, ఖర్జూర గెల కోసుకొచ్చి ముందు పెట్టారు. దానిలో పచ్చివీ ఉన్నాయి, దోరవీ ఉన్నాయి, పండినవీ ఉన్నాయి. తరువాత కత్తి పట్టుకొని లేస్తుంటే, పాలిచ్చేదానిని కోయవద్దని దైవప్రవక్త (స) వారించారు. తిన్నారు, చల్లని నీరు త్రాగారు, తృప్తి పడ్డారు. అప్పుడు ఆయన తన ఇద్దరు సహచరులతో, ఆకలితో ఇల్లు వదలి వచ్చి ఈ అనుగ్రహం పొంది తిరిగి వెళ్తున్నామని, ప్రళయదినాన దీనిని గురించి మనం ప్రశ్నించబడతామని అన్నారు.

ఈ మాట ఎవరితో అన్నారో గమనించండి. ధనం కూడబెట్టి భోగాలలో తేలేవారితో అనలేదు. ఆకలితో వీధిలోకి వచ్చిన ఇద్దరితో అన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని 102వ సూరా 'తకాసుర్' చివరి ఆయతులో మనుషులు తమకు లభించిన అనుగ్రహాలను గురించి తప్పక ప్రశ్నించబడతారన్న హెచ్చరిక ఉంది. మేడలు, కార్లు, బంగారం గుర్తుకు వచ్చి, మనకేమున్నది అడగడానికని పేదవాడు ధైర్యంగా ఉంటాడు. అబుల్ హైసమ్ తోటలో ఆ పూట ఉన్నవి నీడ, పండు, చల్లని నీరు. ఈ వారం అవి మనలో ఎవరికి దొరకలేదు?

నీటి మాట వచ్చింది గనుక మన పల్నాటి సంగతి ఒకటి చెప్పుకుందాం. అయిదారు వందల ఏళ్ళ నాడు శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, ఇక్కడి రాళ్ళను, నీటి కరవును, జొన్నకూటిని చూసి విసుక్కుంటూ చెప్పాడనే చాటువులు నేటికీ జనం నోట ఉన్నాయి. అంతటి కవి సార్వభౌముడు కూడా సన్నబియ్యం దొరకని పూట నిగ్రహించుకోలేకపోయాడంటే చిన్న చికాకు బలమెంతో చూడండి! ఆయన విసుగు మనకు నవ్వు తెప్పిస్తుంది గాని, అందులో అబద్ధం లేదు. నాగార్జున సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. అంతకు ముందు ఈ మెట్ట నేలలు ఆకాశం వైపు చూసి బ్రతికాయి. మన మస్జిదుల ముందు వరుసలో కూర్చునే వృద్ధులలో కొందరికి ఆ రోజులు జ్ఞాపకం ఉంటాయి. అటువంటి నేలకు కుడి కాలువ నీరు వచ్చింది. వరి అన్నం పండుగ వంటకం కాకుండా పోయింది. ఈనాడు మన వంతు నీరు రెండు రోజులు ఆలస్యమైతే వారమంతా అదే మాట. ఆలస్యం కష్టమే, కాదనము. పైరు ఎండుతుంటే రైతు నిద్రపోలేడు. కాని వచ్చిన నీటికి "అల్హందులిల్లాహ్" అన్న రోజు ఏది? రాని రెండు రోజులు గుర్తున్నాయి, వచ్చిన నెలలు లెక్కలో లేవు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. అంతవరకు జిల్లా కార్యాలయంలో పని ఉంటే గుంటూరు వెళ్ళవలసి వచ్చేది, రోజంతా గడిచిపోయేది. ఇప్పుడు నరసరావుపేట వెళ్తే చాలు. మొదటి నెలలో ఆ సౌకర్యం సంతోషంగా ఉండింది. ఇప్పుడు అక్కడి వరుసలో గంట నిలబడటం విసుగుగా ఉంది. అనుగ్రహం అలవాటుగా మారిన తరువాత కంటికి కనబడదు. ఒక ముద్ద తిని అల్లాహ్‌ను స్తుతించే దాసుని పట్ల, ఒక గుక్క త్రాగి ఆయనను స్తుతించే దాసుని పట్ల అల్లాహ్ ప్రసన్నుడవుతాడని సహీహ్ ముస్లింలో ఉంది. విందు పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. ముద్ద చాలు, గుక్క చాలు. కోతల నుండి వచ్చి మంటలెత్తే చేతులను చల్లని నీటిలో ముంచినప్పుడు కలిగే హాయి, ఫజ్ర్ వేళ వీచే గాలి, బిడ్డ ఖాయిదా ముగించి ఖుర్ఆన్ మొదటి పుట చేతపట్టిన సాయంత్రం, పొరుగింటివారు గిన్నెడు సేమియా పాయసం పంపిన పూట. ఇవన్నీ ఈ వారం మీలో ఎవరికో కలిగాయి.

ఇప్పుడు మరొక మాట. పక్కవారి వారం ఎలా గడవాలన్నది చాలా వరకు మన చేతిలో ఉన్నది. దివ్య ఖుర్ఆన్ 107వ సూరాకు 'మాఊన్' అని పేరు. మాఊన్ అంటే నిత్యావసరానికి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే చిన్న వస్తువు. దైవప్రవక్త (స) కాలంలో బొక్కెన, కుండ వంటివి ఎరువివ్వడాన్ని తాము మాఊన్‌గా భావించేవారమని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. అనాథను గెంటివేయడం, నమాజు పట్ల అశ్రద్ధ, ప్రదర్శనాబుద్ధి వంటి మహా దోషాలను చెప్పి, వాటి చివరన ఈ చిన్న వస్తువును నిరాకరించడాన్ని అల్లాహ్ పేర్కొన్నాడు. ఒక నిచ్చెన, ఒక టార్పాలిన్ పట్టా, పది నిమిషాల పాటు ఒక ఫోను ఇవ్వడానికి ముఖం చిట్లించేవాడు ఏ వరుసలో నిలబడ్డాడో ఆ సూరా చదువుకొని చూసుకోవాలి.

కోతల కాలంలో కర్నూలు వైపు నుండి కుటుంబాలతో సహా మన ఊళ్ళకు కూలీలు వస్తారు. చెట్ల క్రింద, పాకలలో ఉంటారు. మనకు మామూలైన వారం వారికి పరాయి ఊరి వారం. చేను గట్టు మీద చల్లని నీళ్ళ కుండ ఉందా లేదా, పసిబిడ్డను పడుకోబెట్టడానికి ఇంత నీడ ఉందా లేదా, శనివారం ఇస్తామన్న కూలి శనివారం చేతికి అందిందా లేక మంగళవారానికి వాయిదా పడిందా, వీటిని బట్టే వారి వారం తీపో చేదో అవుతుంది. శ్రామికుని చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించమన్న ఆదేశం ఇబ్నె మాజాలో ఉంది. యార్డులో మనకు డబ్బు ఆలస్యమైందన్నది మన కష్టం. దానిని వారి కష్టంగా మార్చే హక్కు మనకు లేదు.

ఈ విషయంలో మా బోటి ఇమాములకు కూడా పాఠం ఉంది. హజ్రత్ ముఆజ్ (రజి) ఒక రాత్రి నమాజులో దీర్ఘమైన సూరా ప్రారంభించారు. రోజంతా నీరు తోడి, రెండు ఒంటెలను తోలుకొని వచ్చిన ఒక కష్టజీవి ఆ జమాఅతులో నిలబడలేక విడిగా నమాజు చేసుకొని వెళ్ళిపోయాడు. విషయం దైవప్రవక్త (స) వరకు వెళ్ళింది. వారు ఆ కష్టజీవిని మందలించలేదు, ప్రజలను పరీక్షకు గురి చేస్తావా అని మూడుసార్లు ముఆజ్‌నే మందలించి, వెనుక వృద్ధులు, బలహీనులు, పని ఉన్నవారు ఉంటారని గుర్తు చేశారు. బయట కాయలు ఎండలో ఉన్నాయి. కనుక మేము కూడా ముగిస్తాము.

నమాజు పూర్తయ్యాక అందరూ ఒక్కసారిగా గుమ్మం వైపు వెళ్తారు. మెట్ల దగ్గర చెప్పుల గుట్ట ఉంటుంది. మీ జతలో ఒకటి దొరుకుతుంది, రెండవది ఎవరి కాలి క్రిందో ఉంటుంది. ఒక్కోసారి వారు తెగి ఉంటుంది. తెగిన చెప్పు వారును సైతం అల్లాహ్‌నే అడగాలన్న బోధ తిర్మిజీలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటి ఖలీఫా తన చెప్పు వారు తెగినప్పుడు "ఇన్నా లిల్లాహ్" పలికారని పూర్వికులు ఉల్లేఖించారు. ఎవరినీ త్రోయకుండా, వృద్ధులను ముందు వెళ్ళనిచ్చి, మీ చెప్పు వెతుక్కుంటూ పక్కవారి చెప్పు కూడా చేతికందిస్తే, అక్కడే మెట్ల మీద మీ కొత్త వారం మొదలవుతుంది.

ఓ అల్లాహ్! మా కల్లాల మీద ఉన్న కాయను అకాల వర్షం నుండి కాపాడు. మా కోతలకు వచ్చిన పరాయి ఊరి కూలీలను క్షేమంగా వారి ఇళ్ళకు చేర్చు. వేలి గీతలు అరిగిపోయిన మా తల్లుల పని సులభం చేయి. పరీక్షలు రాస్తున్న మా బిడ్డలకు జ్ఞాపకశక్తి ప్రసాదించు. మా నోటి మాట వల్ల ఈ వారం ఎవరి మనసైనా నొచ్చి ఉంటే, ఈ రాత్రి లోపే వారిని క్షమాపణ అడిగే ధైర్యం మాకు ఇవ్వు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.